ఊరి చెరువు నాడి పట్టడం ఎలా: ఏడాది పొడవునా చేసే పరిశీలనకు సమగ్ర మార్గదర్శి

మధ్యాహ్నం రెండింటికి కట్ట మీద నిలబడి చూస్తే దాదాపు ప్రతి చెరువూ బాగానే కనిపిస్తుంది. నీళ్ళలో ప్రాణవాయువు నిండుగా ఉంటుంది, చేపలు లోతున తిరుగుతుంటాయి, ఒడ్డున కొంగలు ఓపిగ్గా నిలబడి ఉంటాయి. అదే చెరువును తెల్లవారుజామున ఐదింటికి చూడండి. కొన్నిచోట్ల చేపలు గుంపులుగా పైకి తేలి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉంటాయి. అందుకే మధ్యాహ్నం ఒక్క సీసా నీళ్ళు పట్టి పరీక్షకు పంపితే వచ్చే కాగితం మీద పెద్దగా ఆధారపడలేం. రాత్రికీ పగటికీ మధ్య, రోహిణి కార్తెకీ సంక్రాంతికీ మధ్య చెరువు ఎంత ఊగుతోందో కొలిస్తేనే దాని బలమూ జబ్బూ బయటపడతాయి.

ఇక్కడ చెప్పే పద్ధతి ఊరి చెరువులకు, చిన్న కుంటలకు సరిపోతుంది. బడిలో సైన్సు చెప్పేవాళ్ళు, మత్స్య సహకార సంఘాలవాళ్ళు, ఊరి యువకులు ఎవరైనా చేయవచ్చు. నలుగురు మనుషులు కావాలి. నెలకు రెండు ఉదయాలు, మే, సెప్టెంబరు, జనవరి నెలల్లో ఒక్కోసారి పూర్తిగా ఒక పగలూ ఒక రాత్రీ కేటాయించాలి. వానను రోజూ, నీటి మట్టాన్ని వారానికోసారి రాయడం దీనికి అదనం.

ముందుగా చెరువుకు పైన ఏముందో తిరిగి చూడండి

చెరువు కట్ట దగ్గర మొదలవదు. వాన పడితే ఏ నేల మీది నీళ్ళు ఈ చెరువులోకి దిగుతాయో ఆ నేలంతా చెరువు కిందే లెక్క. దాన్నే పరీవాహక ప్రాంతం అంటాం. 1:50,000 కొలత ఉన్న సర్వే ఆఫ్ ఇండియా పటంలోనో, ఇస్రో వారి భువన్‌లోనో చెరువును గుర్తించి, చుట్టూ ఉన్న మిట్టల మీదుగా గీత గీయండి. గీతకు అటు పడిన చినుకు వేరే వాగుకు పోవాలి, ఇటు పడింది మీ చెరువుకు రావాలి. పైన ఇంకో చెరువు ఉంటే దాని మత్తడి (కొన్ని జిల్లాల్లో అలుగు, కలుజు అంటారు) పొంగి మీ చెరువులోకి వస్తుందేమో చూడండి. కాకతీయుల కాలం నుంచి తెలంగాణలో చెరువులు ఇలా గొలుసుకట్టుగానే ఉన్నాయి. పై చెరువులో కలిసిన మురుగు ఒకటి రెండు పెద్ద వానల తర్వాత మీ చెరువులో తేలుతుంది.

గీత గీశాక, మొదటి పెద్ద వాన పడిన మర్నాడు వాగు వెంట పైకి కిలోమీటరు రెండు కిలోమీటర్లు నడవండి. మూడు సంగతులు రాసుకోండి: నీటి రంగు ఎక్కడ మారింది, మురుగు కాలువ ఎక్కడ కలిసింది, గట్టు పక్కన ఏ పంటలున్నాయి. పత్తి, మిరప చేలు ఉంటే మందులు కొట్టే రోజులు తెలుసుకుని పెట్టుకోండి. ఈ సమాచారం తర్వాత చేపలు చచ్చిన రోజు అక్కరకొస్తుంది.

సామాను

ముఖ్యమైనది సెక్కి బిళ్ళ. నీళ్ళలోకి వెలుతురు ఎంత లోతు దిగుతోందో చెప్పే గుండ్రటి పలక ఇది. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న స్టీలు పళ్ళెం గానీ, మందపాటి ప్లాస్టిక్ పలక గానీ తీసుకుని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలకు తెలుపు, మిగతా రెంటికి నలుపు రంగు వేయండి. మెరిసే రంగు వద్దు, నీటిపై వెలుగు తిరిగి కొట్టి కొలత చెడుతుంది. నడిమి రంధ్రంలో తాడు దూర్చి కింద అర కిలో బరువు కట్టండి. తాడును ముందు నీళ్ళలో నానబెట్టి, బరువు వేలాడదీసి, ఆ తర్వాతే 5 సెంటీమీటర్లకొక గుర్తు పెట్టండి. పొడి తాడు మీద పెట్టిన గుర్తులు తడిసి సాగాక తప్పు చెబుతాయి.

దీనికి తోడు ఒక థర్మామీటరు, పీహెచ్ (నీళ్ళు ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె) మీటరు లేదా రంగు కాగితాలు, నీటిలో కరిగిన ప్రాణవాయువును కొలిచే కిట్టు, మూత గట్టిగా పడే 300 మిల్లీలీటర్ల గాజు సీసాలు ఆరు, పీవీసీ గొట్టంతో చేసిన మీటరు చదరపు చట్రం, దోమతెర గుడ్డతో కుట్టిన చేతి వల, తెల్లటి ట్రే, దుర్భిణి, గట్టి అట్టల రిజిస్టరు. ప్రాణవాయువు కిట్లలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది. దాన్ని పిల్లల చేతికి ఇవ్వొద్దు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా పెద్దవాళ్ళూ ముట్టొద్దు.

ఒంటరిగా నీళ్ళలో దిగొద్దు. తూము తెరిచి ఉన్నప్పుడు దాని దగ్గరకు ఈత వచ్చినవాళ్ళు కూడా పోకూడదు, లాగేసుకుంటుంది. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ ఉండాల్సిందే.

వాన లెక్క, ఎండ లెక్క

ఇంట్లో ఉండే గరాటుతోనే వానమాపకం తయారవుతుంది. నోటి వ్యాసం 11.3 సెంటీమీటర్లున్న గరాటు అయితే దాని వైశాల్యం దాదాపు 100 చదరపు సెంటీమీటర్లకు వస్తుంది. అప్పుడు కింద సీసాలో చేరిన ప్రతి 10 మిల్లీలీటర్లూ 1 మిల్లీమీటరు వానకు సమానం. దాన్ని బయలు ప్రదేశంలో, చుట్టుపక్కల చెట్టుకో గోడకో ఉన్న ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో పెట్టండి. వాతావరణ శాఖ చదివినట్టే రోజూ ఉదయం 8:30కి చదవండి. ఒక రోజు తప్పినా ఆ తర్వాతి రోజు కొలతను రెండు రోజుల మొత్తంగానే రాయాలి, సగం సగం పంచి రాయకూడదు.

ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే 10,000 లీటర్లు, అంటే 10 ఘనపు మీటర్లు. మీ పరీవాహక ప్రాంతం 200 హెక్టార్లు, వాన 50 మిల్లీమీటర్లు అనుకుందాం. పడింది లక్ష ఘనపు మీటర్లు. అందులో 15 శాతం పారి వచ్చిందంటే చెరువుకు చేరింది 15,000 ఘనపు మీటర్లు, ఇంజనీర్ల మాటలో అర ఎంసీఎఫ్‌టీకి (ఒక ఎంసీఎఫ్‌టీ అంటే పది లక్షల ఘనపుటడుగులు) కాస్త ఎక్కువ. ఈ శాతం నేలను బట్టీ, వాన పడిన తీరును బట్టీ చాలా మారుతుంది. రేగడి నేల ఎండాకాలంలో నెర్రెలు విచ్చి ఉంటుంది కాబట్టి మొదటి వానలను తాగేస్తుంది. తడిసి ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక అదే నేల మీద నీళ్ళు జారిపోతాయి. అందువల్ల జూన్‌లో 50 మిల్లీమీటర్లకు చుక్క రాని చెరువు ఆగస్టులో అదే వానకు ఒక్కసారిగా పెరగవచ్చు.

ఇక పోయే నీళ్ళు. తూము కట్టకు పెయింటుతో సెంటీమీటర్ల గుర్తులు వేసి వారానికోసారి మట్టం రాయండి. ఒడ్డున నిటారు గోడలున్న తొట్టిలో నీళ్ళు పోసి రోజుకెంత తగ్గుతోందో చూడండి. కోతులు, పశువులు తాగకుండా పైన వెడల్పు కన్నుల ఇనుప జాలీ కప్పండి. చిన్న తొట్టి గోడలు వేడెక్కడం వల్ల చెరువు కంటే ఎక్కువ ఆవిరవుతుంది, కాబట్టి ఆ కొలతను 0.7తో గుణించాలి. తొట్టిలో రోజుకు 10 మిల్లీమీటర్లు తగ్గితే చెరువులో సుమారు 7. తూము మూసి ఉన్న వారంలో చెరువు మట్టం 10 సెంటీమీటర్లు పడిపోయి, ఆవిరి లెక్క 5 సెంటీమీటర్లే చెబితే, మిగతా 5 సెంటీమీటర్లలో మోటార్లు తోడుకున్నది పోను భూమిలోకి ఇంకింది. కింది బావులకు, బోర్లకు అదే ఆధారం.

పూడిక తీసేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే అర్థమవుతుంది. అడుగున ఉండే మెత్తటి బంకమన్ను పొర చెరువుకు కుండకు పూసిన పూతలాంటిది. యంత్రాలతో దాన్ని కూడా గీకేస్తే కింద మొరం తేలి, నిండిన చెరువు రెండు నెలల్లో ఇంకిపోతుంది. ఒడ్డును నిటారుగా చెక్కేయడం ఇంకో తప్పు. మోకాలి లోతు నీళ్ళుండే వాలు లేకపోతే తుంగ మొలవదు, చేపపిల్లలకు దాక్కునే చోటుండదు, నడిచి మేసే పక్షులు దిగవు. 2015లో తెలంగాణలో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లక్ష్యంగా పెట్టుకుంది. అలాంటి పనుల్లో మీ ఊరి చెరువు ఉంటే, తవ్వకానికి ముందూ తర్వాతా ఒడ్డు వాలును, నీరు ఇంకే వేగాన్ని కొలిచి పెట్టడం మీ చేతిలో పని.

వెలుతురు ఎంత లోతు దిగుతోంది

ఉదయం 10కీ మధ్యాహ్నం 2కీ మధ్య, పడవకు నీడ ఉన్న వైపు నుంచి సెక్కి బిళ్ళను మెల్లగా దించండి. కనుమరుగైన లోతు రాయండి. ఇంకొంచెం దించి పైకి లాగుతూ మళ్ళీ కనబడిన లోతు రాయండి. రెంటి సగటే కొలత. ఎప్పుడూ ఒకే మనిషి చూడటం మంచిది, చల్లద్దాలు తీసేయాలి.

చేపలు పెంచే చెరువులో 30 నుంచి 45 సెంటీమీటర్లు ఉంటే నీళ్ళు సారవంతంగా ఉన్నట్టు. 20కి తగ్గితే అనుమానించాలి. అయితే అది బురద వల్లనా, పాచి కణాల వల్లనా తేల్చుకోవాలి. ఒక గాజు సీసాలో నీళ్ళు పట్టి కదపకుండా రాత్రంతా ఉంచండి. బురదైతే చాలావరకు అడుగున పేరుకుంటుంది, పాచైతే నీళ్ళు పచ్చగానే ఉంటాయి లేదా పైన పచ్చటి తెట్టు కడుతుంది. పైన తేలే తెట్టు పెయింటు ఒలికినట్టు చిక్కగా ఉంటే అది మైక్రోసిస్టిస్ జాతి నీలిఆకుపచ్చ పాచి కావచ్చు. కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని వదులుతాయి. గాలివాటున తెట్టు పేరుకున్న ఒడ్డున పశువులను తాగనివ్వొద్దు.

ఒక పగలు, ఒక రాత్రి

మొత్తం పనిలో ఏది వదిలినా ఇది వదలొద్దు. సాయంత్రం 6కి మొదలుపెట్టి మర్నాడు సాయంత్రం 6 దాకా మూడు గంటలకోసారి, మొత్తం తొమ్మిదిసార్లు, ఒకేచోట కొలవాలి. నీటి పైభాగానా, అడుగుకు అర మీటరు పైనా రెండు లోతుల్లో ఉష్ణోగ్రత, ప్రాణవాయువు, పీహెచ్ చూడాలి. అడుగు నీళ్ళు తేవడానికి బరువు కట్టిన సీసాకు బిరడా పెట్టి, బిరడాకు వేరే దారం కట్టి, కావలసిన లోతుకు దించాక దారం లాగితే చాలు. ఇలా నిండేటప్పుడు బుడగల వల్ల కొంత గాలి కలుస్తుంది, అడుగు ప్రాణవాయువు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మీటరు ఉంటే దాని ముల్లునే దించడం మేలు.

కిట్టుతో కొలిచేటప్పుడు సీసాను నీళ్ళ కిందే నింపి, పొంగి పొర్లనిచ్చి, బుడగ లేకుండా మూత పెట్టండి. గోరంత బుడగ మిగిలినా అందులోని గాలి కరిగి కొలత పెరుగుతుంది. మొదటి రెండు ద్రావణాలు ఒడ్డునే, వెంటనే కలపాలి. ఇంటికి తెచ్చి కలుపుదాంలే అంటే ఆలోపు సీసాలోని జీవులు ప్రాణవాయువును వాడేసుకుంటాయి.

ఇప్పుడు అంకెలు ఎలా చదవాలో చూద్దాం. సముద్రమట్టం దగ్గర 20 డిగ్రీల నీళ్ళు లీటరుకు దాదాపు 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలవు. 30 డిగ్రీల్లో సుమారు 7.5, 35 డిగ్రీల్లో 7. హైదరాబాదు ఎత్తులో ఇవి ఇంకో 6 శాతం తగ్గుతాయి. నీళ్ళు వేడెక్కే కొద్దీ పట్టే వాయువు తగ్గుతుంటే, అదే వేడికి చేపలూ సూక్ష్మజీవులూ పీల్చేది పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఈ వాడకం సుమారు రెండింతలవుతుంది. వాతావరణ మార్పు చెరువును దెబ్బకొట్టే అసలు దారుల్లో ఇదొకటి: రాబడి తగ్గడం, ఖర్చు పెరగడం రెండూ ఒకేసారి జరుగుతాయి. వేడి రాత్రులు ముఖ్యంగా ప్రమాదం, ఎందుకంటే రాత్రి రాబడి చెరువు పైగాలి నుంచి వచ్చే కొద్దిపాటిదే.

పగలు పాచి, నాచు ఎండను వాడుకుని ప్రాణవాయువును వదులుతాయి. పచ్చటి చెరువులో మధ్యాహ్నం మూడింటికి 12, 14 మిల్లీగ్రాములు కూడా కనిపించవచ్చు. కొలత తప్పనుకోకండి, నీళ్ళు పట్టగలిగినదానికంటే ఎక్కువ తయారైందంతే. అదే సమయంలో అవి కార్బన్ డయాక్సైడును లాగేసుకుంటాయి కాబట్టి పీహెచ్ 9 దాటుతుంది. రాత్రి అందరూ పీల్చేవాళ్ళే, వదిలేవాళ్ళు లేరు. తెల్లవారేసరికి ప్రాణవాయువు అట్టడుగుకు చేరుతుంది, పీహెచ్ 7.5 దగ్గరికి దిగుతుంది. తెల్లవారుజామున ప్రాణవాయువు 5కు పైన ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. 3కు దిగితే బొచ్చె, రోహు లాంటి చేపలు ఇబ్బంది పడతాయి. 1 దగ్గరైతే చనిపోవడం మొదలవుతుంది. మధ్యాహ్నపు అంకె ఎంత ఎత్తుకు పోతే తెల్లవారుజామున అంత లోతుకు పడే ప్రమాదముంది. మధ్యాహ్నం 14 చూసి సంతోషించేవాళ్ళు ఈ సంగతే మర్చిపోతారు.

పైనా అడుగునా ఉష్ణోగ్రతల తేడా కూడా చూడండి. వేడి నీళ్ళు తేలిక కాబట్టి పైనే ఉండిపోతాయి. చల్లటి దేశాల చెరువుల కంటే మన చెరువుల్లో ఒకటి రెండు డిగ్రీల తేడా చాలు, పైనీళ్ళూ కిందినీళ్ళూ కలవవు. 30 డిగ్రీల దగ్గర డిగ్రీకి వచ్చే సాంద్రత తేడా 10 డిగ్రీల దగ్గర కంటే బాగా ఎక్కువ. అలా రోజులు గడిస్తే అడుగు నీళ్ళలో ప్రాణవాయువు అయిపోయి కుళ్ళిన గుడ్ల వాసన పుడుతుంది. ఎండల తర్వాత హఠాత్తుగా ఈదురుగాలి, చల్లటి వాన వస్తే పైనీళ్ళు చల్లబడి కిందికి మునిగి, ఆ చెడ్డ నీళ్ళు పైకొస్తాయి. మొదటి వానలకు చేపలు తేలడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

తెల్ల సీసా, నల్ల సీసా

చెరువు ఎంత సంపాదిస్తోంది, ఎంత ఖర్చు పెడుతోంది అన్నది మూడు సీసాలతో తేలుతుంది. ఒకే బకెట్టు నీళ్ళతో మూడూ నింపండి. మొదటిదానిలో ప్రాణవాయువును అప్పుడే కొలిచేయండి. రెండోదాన్ని (తెల్ల సీసా) అలాగే, మూడోదాన్ని (నల్ల సీసా) నల్లటి గుడ్డ చుట్టి దానిపై అల్యూమినియం రేకు చుట్టి, సెక్కి కొలతలో సగం లోతున తాడుకు వేలాడదీయండి. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా నాలుగు గంటలు ఉంచి కొలవండి.

ఉదాహరణకు మొదట 6.0 ఉంది. తెల్ల సీసాలో 8.4, నల్ల సీసాలో 5.2 వచ్చాయి. నల్ల సీసాలో తగ్గిన 0.8 అక్కడి జీవులు పీల్చింది. తెల్ల సీసాలో పెరిగిన 2.4 ఖర్చు పోగా మిగిలింది. తెల్లదానికీ నల్లదానికీ తేడా 3.2 మొత్తం సంపాదన. చెరువులోని ఆహారమంతా, చివర్లో వలలో పడే చేపతో సహా, చాలావరకు ఈ 3.2 లాంటి అంకెలోంచే పుట్టుకొస్తుంది.

ఇంకో మెట్టు ఎక్కవచ్చు. నాలుగు గంటలకు 0.8 అంటే గంటకు 0.2. రాత్రి 12 గంటలకు 2.4. సాయంత్రం 9.0 ఉంటే తెల్లవారేసరికి 6.6 ఉండాలి. మీ రాత్రి కొలతలో 3.5 వచ్చిందనుకోండి. సీసాలో బురద లేదు, చేపలు లేవు. కాబట్టి కనబడకుండా పోయిన 3.1లో ఎక్కువ భాగాన్ని అడుగు బురదా చేపలూ తిన్నాయి. సాయంత్రపు నీళ్ళు పట్టగలిగినదానికంటే ఎక్కువ నిండి ఉంటే కొంత గాలిలోకీ పోతుంది. చేపలు తక్కువగా ఉన్న చెరువులోనూ ఈ తేడా పెద్దగా ఉంటే, అడుగున ఆకు, పేడ, మురుగు పేరుకున్నట్టే. అలాంటి చెరువులో పశువుల పేడ వేయడం ఆపాలి, ఎరువులు వేయకూడదు.

ఎక్కువగా జరిగే తప్పు సీసాలను మరీ ఎక్కువసేపు ఉంచడం. పచ్చటి నీళ్ళలో ఆరేడు గంటలు ఉంచితే తెల్ల సీసాలో బుడగలు కట్టి, మూత తీయగానే పోతాయి, సంపాదన తక్కువగా తేలుతుంది.

ఒడ్డు నుంచి లోపలికి మొక్కలు

ఒడ్డు నుంచి లోపలికి తాడు కట్టి, 5 మీటర్లకొకచోట చట్రం వేసి, అందులో ఏ మొక్క ఎంత భాగం కప్పిందో రాయండి. చెరువుకు ఇలాంటి వరసలు నాలుగు చాలు. ఆరోగ్యంగా ఉన్న ఒడ్డున వరస కనిపిస్తుంది: తుంగ, జమ్ము, తర్వాత కలువ, తామర, ఇంకా లోపల నీళ్ళలో మునిగి ఉండే హైడ్రిల్లా లాంటి నాచు. వరస తెగి గుర్రపుడెక్క, అంతరతామర పరుచుకున్నాయంటే మురుగులోని నత్రజని, భాస్వరం ఎక్కువై ఉంటాయి. ఒడ్డంతా లొట్టపీసు పట్టినా రాసిపెట్టండి.

గుర్రపుడెక్క అనుకూలిస్తే రెండు వారాల్లో రెండింతలవుతుంది. అంటే చెరువులో నాలుగో వంతు కప్పిన రోజు నుంచి పూర్తిగా కప్పేయడానికి నెల చాలు. అందుకే పదో వంతు ఉన్నప్పుడే తీయాలి. తీసినదాన్ని ఒడ్డునే కుప్ప పోస్తే వానకు ఆ సారమంతా తిరిగి చెరువులోకే చేరుతుంది. చెరువు నిండు మట్టానికి పైన, వాలుకు అవతల వేసి కంపోస్టు చేయండి. మందు కొట్టి చంపడం చాలా ప్రమాదం, ఒకేసారి కుళ్ళి ప్రాణవాయువునంతా లాగేస్తుంది.

మునిగి ఉండే నాచు విషయం వేరు. వలకు అడ్డం పడుతోందని గడ్డిచేపలను వదిలో, లాగేసో నాచంతా తీసేస్తే కొన్ని వారాల్లో నీళ్ళు చిక్కటి ఆకుపచ్చగా మారిపోతాయి. అడుగున బురదను పట్టి ఉంచిందీ, సారాన్ని పీల్చుకుని తేలే పాచిని అదుపులో ఉంచిందీ ఆ నాచే. ఒకసారి అలా మారిన చెరువు తేలిగ్గా వెనక్కి రాదు: నీళ్ళు పచ్చబడటంతో వెలుతురు దిగదు, వెలుతురు లేక నాచు మొలవదు. వల వేయడానికి దారులు కావాలంటే మూడో వంతు మించి తీయకండి.

పురుగులు చెప్పే సాక్ష్యం

ఒడ్డున మొక్కల మధ్య చేతి వలను మూడు నిమిషాలు అటూ ఇటూ ఆడించి ట్రేలో వంచండి. ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోవాలి: పైకొచ్చి గాలి పీల్చుకునే జీవి నీళ్ళలోని ప్రాణవాయువు గురించి ఏమీ చెప్పలేదు. దోమపిల్లలు, నీటితేళ్ళు, నీటి మీద పరిగెత్తే పురుగులు ఇలాంటివే. నీళ్ళలోనే మొప్పలతో పీల్చే తూనీగ పిల్లలు, మేఫ్లై పిల్లలు చాలా రకాలు కనిపిస్తే ఒడ్డున ప్రాణవాయువు నిలకడగా ఉన్నట్టు. ఎర్రటి రక్తపు పురుగులే కుప్పలుగా ఉండి మిగతావి లేకపోతే బురదలో ప్రాణవాయువు కరువన్నమాట. మన రక్తంలో ఉన్నట్టే వాటి ఒంట్లోనూ హీమోగ్లోబిన్ ఉంటుంది, దొరికిన కొంచెం వాయువునూ అది పట్టి ఉంచుతుంది.

కొర్రమీనుకూ ఈ సూత్రం వర్తిస్తుంది. అది పైకొచ్చి గాలి మింగగలదు. చెరువు నిండా కొర్రమీనులున్నాయి కాబట్టి నీళ్ళు మంచివే అన్న మాట నిలవదు.

ఎవరు ఎవరిని తింటున్నారు

పక్షులను ఉదయం 6కీ 8కీ మధ్య నాలుగు స్థిరమైన చోట్ల నుంచి, ఒక్కోచోట పది నిమిషాలు లెక్కపెట్టండి. ఎన్ని అన్నదాంతో పాటు ఎంత లోతులో, ఏం తింటున్నాయో రాయాలి. ఉల్లంకి పిట్టలు తడి బురదలో, తెల్లకొంగలు చీలమండ లోతులో, నత్తగుల్ల కొంగలు మోకాలి లోతులో, నీటికాకులు మునిగి లోతు నీళ్ళలో మేస్తాయి. ఇన్ని రకాలు ఒకే చెరువులో కొట్టుకోకుండా బతకడానికి కారణం ఈ లోతుల పంపకమే. మట్టం కొలతలూ పక్షుల లెక్కలూ పక్కపక్కన పెడితే ఏ మట్టంలో ఎవరొస్తారో రెండో ఏడాదికి మీరే ముందుగా చెప్పగలుగుతారు. జనవరిలో లెక్కపెడితే 1987 నుంచి ఏటా జరుగుతున్న ఆసియా నీటిపక్షుల గణనకు మీ అంకెలు అందించవచ్చు.

ఒక చెరువు ఇంకో నీటిమీద ఎలా ఆధారపడుతుందో చూడాలంటే ఆంధ్రప్రదేశ్‌లోని నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం మంచి ఉదాహరణ. అక్కడ గూడబాతులు (పెలికాన్లు) నీళ్ళలో నిలిచిన నీటి కడప చెట్ల మీద గూళ్ళు కట్టి, మేతకు పులికాట్ సరస్సుకు పోతాయి. గూడు ఒకచోట, గిన్నె ఇంకోచోట. పులికాట్‌లో చేప తగ్గితే నేలపట్టులో ఎంత కాపలా పెట్టినా పిల్లలు బతకవు.

చూసినవాటిని పెద్ద కాగితం మీద బాణాలతో గీయండి. బాణం తినబడేదాని నుంచి తినేదాని వైపు పోవాలి, ఎందుకంటే అది ఆహారం ప్రయాణించే దారి. దాదాపు ప్రతి బడిలో పిల్లలు దీన్ని తిరగేసి గీస్తారు. కుళ్ళే ఆకు, పేడ, బురద అనే గడి వేయడం మర్చిపోవద్దు. మన చెరువుల్లో రక్తపు పురుగులకూ నత్తలకూ ఎర్రమోసు చేపకూ మేత చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు సుమారు పదో వంతు శక్తే చేరుతుందని స్థూలంగా చెప్పుకోవచ్చు. పాచినీ సూక్ష్మజీవులనూ తినే బొచ్చె ఎక్కువ బరువు వస్తూ, చేపలను తినే వాలుగ తక్కువగా దొరకడానికి కారణం ఇదే.

చేపలు చచ్చిన రోజు

వాసన రాకముందే వెళ్ళండి, ఎండెక్కితే ఆనవాళ్ళు పోతాయి. తెల్లవారుజామున చచ్చి, పెద్ద చేపలు ముందు పోయి, కొర్రమీను, మార్పు చేప లాంటి గాలి పీల్చేవి బతికి ఉంటే అది ప్రాణవాయువు లోపం. ఏ వేళకైనా హఠాత్తుగా, చిన్న చేపలు ముందు, వాటితో పాటు పురుగులు, కప్పలు కూడా చచ్చి ఉంటే మందు కలిసిందని అనుమానించాలి. అప్పుడు మొదటి రోజు రాసుకున్న పంటల వివరం తీయండి. శుభ్రమైన గాజు సీసాలో లీటరు నీళ్ళు పట్టి, మంచులో పెట్టి, వాగు కలిసేచోటిదీ నడిమిదీ రెండూ ఆ రోజే పరీక్షకు పంపాలి. చేపలు మధ్యాహ్నం చస్తే, మురుగు వాసన ఉంటే అమ్మోనియా చూడండి. పీహెచ్ 7 దగ్గర అందులో నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. పీహెచ్ 9 అయితే మూడో వంతుకు మించి విషంగా మారుతుంది.

అందుకే చేపలు తేలగానే సున్నం చల్లే అలవాటు మానాలి. పీహెచ్ ఇప్పటికే ఎక్కువగా ఉంటే సున్నం విషాన్ని పెంచుతుంది. ప్రాణవాయువు తగ్గినప్పుడు చేయాల్సింది మేత ఆపడం, మోటారుతో పైనీళ్ళనే తోడి తుంపరగా చెరువులోకే చిమ్మడం, మంచి నీళ్ళుంటే వదలడం. చిమ్మే గొట్టం అడుగు నీళ్ళు లాగకుండా చూసుకోండి. వల లాగి బురద కెలకకండి.

రిజిస్టరు

ప్రతి కొలతకు తేదీ, గంట, చోటు, ఆకాశం ఎలా ఉంది, ఎవరు కొలిచారు అన్న ఐదూ ఉండాలి. గంట రాయని ప్రాణవాయువు అంకెను కొట్టేయండి, దానివల్ల నష్టమే తప్ప లాభం లేదు. సున్నా వచ్చినప్పుడు 0 అని, కొలవనప్పుడు గీత అని రాయండి. రెండూ ఖాళీగా వదిలితే ఏడాది తర్వాత ఏది ఏదో తెలియదు.

ఒక ఏడాది మట్టం తగ్గితే అది ఆ ఏటి వాతావరణం. శీతోష్ణస్థితి మారిందని చెప్పడానికి శాస్త్రజ్ఞులు 30 ఏళ్ళ సగటును చూస్తారు. మీ రిజిస్టరు అంతదూరం పోవాలంటే కొలిచే చోట్లు మారకూడదు. తూము గుర్తులకు రెండేళ్ళకోసారి మళ్ళీ పెయింటు వేయండి. పక్షులు చూసే నాలుగు చోట్లకూ, తాడు వరసలు మొదలయ్యే నాలుగు చోట్లకూ రాళ్ళు పాతి నెంబర్లు వేయండి. ప్రతి ఏటి రిజిస్టరును ఫోటో తీసి ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి పంచాయతీలో ఉంచండి. మొదటి పేజీలో గరాటు వ్యాసం, సెక్కి తాడు పొడవు, ఏ కంపెనీ కిట్టు వాడారో రాయండి. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి నెల పాతవాళ్ళతో కలిసి కొలిపించి, ఇద్దరి అంకెలూ పక్కపక్కన రాయించండి. సెక్కి కొలతలో ఇద్దరి మధ్య 5 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తేడా వస్తుంటే ఆ నెల మళ్ళీ నేర్పించండి.